ఆరు ఒక్కపొద్దులు

గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు అమూల్య నల్లా దగ్గర పడిపోయింది. బకెట్ సగం నిండి ఉంది. పక్క క్వార్టర్ రామవ్వ చూసి కేక వేసింది. లోపలి నుంచి ముగ్గురు వచ్చారు. తండ్రి రాజేశం, తల్లి జమున, నాయనమ్మ పోచవ్వ.

రెండు నిమిషాలకు అమూల్య కళ్లు తెరిచింది.

"నల్లా బంద్ చెయ్యిన్రి" అంది.

కరీంనగర్ హాస్టల్ నుంచి ఆమెను శ్రీరాంపూర్ తీసుకొచ్చి రెండు రోజులైంది. హాస్టల్లో రెండుసార్లు పడిపోయింది. ఇంట్లో పడడం ఇదే మొదటిసారి.

జమున గ్లాసులో గంజి పోసి తెచ్చింది. ఉప్పు వేసింది.

"తాగు."

"ఇయ్యాల బేస్తారం అవ్వా" అంది అమూల్య తల్లితో.

"బేస్తారమైతే?"

"ఒక్కపొద్దు. సాయిబాబాది."

"మరి నిన్న?"

"నిన్న బుధారం. గణపతిది."

జమున గ్లాసు కింద పెట్టింది. వేళ్లు మడిచి లెక్క చూసింది. సోమవారం రాజన్నకు. మంగళవారం దుర్గమ్మకు. బుధవారం గణపతికి. గురువారం సాయిబాబాకు. శుక్రవారం లక్ష్మికి. శనివారం కొండగట్టు అంజన్నకు.

"ఆరైనయి. ఐతారానికి దేవుడు లేడా?"

"లేడు."

"మరి మొన్న ఐతారం ఏం తిన్నవ్?"

అమూల్య గ్లాసును పక్కకు జరిపింది.

"నా చిన్నప్పుడు బువ్వ లేక ఒక్కపొద్దులుంటిమి" అంది పోచవ్వ. "గిప్పుడు కుండ నిండ బువ్వుండి ఒక్కపొద్దులు. ఏం జమానా అచ్చిందో."

ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక పూట తినాలి. ఆ ఒక పూట అమూల్య ఎప్పుడు తిన్నదో ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆ ఇంట్లో రాజేశం ముందు తింటాడు. తర్వాత పోచవ్వ. ఆడపిల్ల, తల్లి ఆఖర్న. జమున అంగన్‌వాడీలో ఆయా. తొమ్మిదికి పోతుంది, పగటి భోజనం అక్కడే. మనుమరాలు తల్లి వచ్చాక ఆమెతో తింటుందని పోచవ్వ అనుకుంది. పగలు నాయనమ్మతో తిని ఉంటుందని జమున అనుకుంది. ఈ రెండు రోజులూ వంట చేసింది అమూల్యే. మొదటి రోజు సర్వపిండి పెట్టింది. రెండో రోజు మక్క గారెలు. రాజేశం ఎనిమిది తిన్నాడు. ఎన్ని తిన్నాడో అమూల్య చెబితేనే అతనికి తెలిసింది.

"ఊరోళ్ల పిల్లలను నెలనెలా తూకమేస్తవ్ కోడలా" అంది పోచవ్వ. "నీ బిడ్డను చూడవైతివి."

"నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద అత్తా. నువ్వు చూసినవా?"

"నాకు కండ్లు కనబడయి."

"మక్క గారెలు మంచిగనే కనబడ్డయి."

పోచవ్వ కొంగు సర్దుకుని లోపలికి పోయింది. గంజి మీద మీగడ కట్టింది. పదకొండింటికి జమున దాన్ని తొట్టిలో పారబోసింది. ఆ రోజు అంగన్‌వాడీకి పోలేదు.

* * *

ముందు గదిలో టీవీ కింద కంపెనీ కాగితం ఉంది. దాని మీద నీళ్ల సీసా పెట్టారు.

రాజేశం ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గు బాయిలో పనిచేశాడు. షుగర్ వల్ల పోయిన ఏడాది ఎడమ కాలి వేళ్లు రెండు తీసేశారు. బూటు పట్టడం లేదు. కంపెనీ డాక్టర్లు అన్‌ఫిట్ అని రాశారు. అతని చోట పిల్లల్లో ఒకరికి నౌకరి వస్తుంది. అతనికి ఉన్నది అమూల్య ఒక్కతే. ముందు ఆమె మెడికల్ పాస్ కావాలి. శనివారం ఉదయం పది గంటలకు కంపెనీ ఆసుపత్రికి రమ్మని కాగితంలో ఉంది. ఫెయిలైతే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో అతనికి ఎవరూ చెప్పలేదు.

పన్నెండు నలభైకి ఆటో ఆగింది. దిగిన మనిషి నవనీత. యూనివర్సిటీలో సైకాలజీ పరిశోధన చేస్తోంది. హాస్టల్ అమ్మాయిల తిండి అలవాట్ల మీద రెండు వందల పన్నెండు మందితో ప్రశ్నల కాగితాలు నింపించింది. పేరు రాయొద్దని అందరికీ చెప్పింది. ఒక కాగితం మీద పేరు మాత్రమే ఉంది. జవాబులు లేవు. ఆ పేరు అమూల్య. నవనీత ఆమెను వెతికి పట్టుకుంది అలాగే. కరీంనగర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించిందీ నవనీతే.

"ముందు తినున్రి మేడమ్" అంది జమున. "బస్సుల పడి అచ్చిన్రు."

"నేను తిని వచ్చిన అక్కా."

"మా ఇంటికొచ్చి తినకుంట పోతరా?"

నవనీత కూర్చుంది. అమూల్య వడ్డించింది. అన్నం, పప్పు, చిక్కుడుకాయ. నవనీత వద్దన్నా ఇంకో గరిటె వేసింది. నెయ్యి వేసింది. నెయ్యి గిన్నెను ముఖానికి దూరంగా పట్టుకుని వేసింది.

"నువ్వు గూడ కూర్చో అమూల్యా."

"మీరు తినున్రి మేడమ్. పప్పుల ఉప్పు సరిపోయిందా?"

"నువ్వు చూడలేదా?"

"ఒక్కపొద్దు."

నవనీత పళ్లెంలో చెయ్యి కడుక్కుంది. సంచిలోంచి కాగితాలు తీసింది. అమూల్యను లోపలి గదిలో పడుకోమంది. తలుపు మూయలేదు.

"అన్నా, డాక్టర్ చెప్పింది మంగళవారం ఫోన్ల మీకు చెప్పిన. రక్తంల పొటాషియం తక్కువ ఉన్నది. గుండె మీద పడుతది. ఆసుపత్రిల చేర్చుకోవాలె. ఇంటికి కాదు."

"బరువెంత ఉన్నది?" అన్నాడు రాజేశం.

నవనీత అంకె చెప్పలేదు. కాగితం మీద రాసి అతని ముందుకు జరిపింది.

"పైకి చదువకున్రి. అమూల్య వింటే రేపటికి దానికంటె తక్కువ కావాలని చూస్తది."

రాజేశం చదివాడు. జమునకు ఇచ్చాడు. జమున కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మా సెంటర్ పక్క బడిల ఐదో తరగతి పోరగాండ్లు..." అని ఆపేసింది.

"ఎప్పుడు మొదలైంది అక్కా?"

"హాస్టల్లనే అయింది. మీ దగ్గరికి పంపినప్పుడు మంచిగుండె."

"హాస్టల్ల గూడ అయింది. కాదంటలేను. రూముల ఏడుగురు ఒక గ్రూపు పెట్టుకున్నరు. పొద్దున లేవంగనే తూకం చూసుకొని ఫోన్ల పెట్టేది. ఎవరిది ఎంత తగ్గిందో. ఆ గ్రూపుల అమూల్య ఫస్టు. ఇంటర్ల గూడ ఫస్టే అంట గద."

"జిల్లాల" అన్నాడు రాజేశం.

"ఆ గ్రూపుకు ముందే ఒక్కపొద్దు పట్టింది. మొదటిది ఏది?"

బయట కంపెనీ లారీ పోయింది. కిటికీ అద్దం అదిరింది.

"శనారం" అంది జమున. "నేనే పట్టుమన్న. ఆయన కాలు ఆపరేషన్ అయినప్పుడు. బాపు మంచిగ కావాలె, అంజన్నకు శనారం ఒక్కపొద్దు ఉండు బిడ్డా అన్న. ఒక్క శనారమే అన్న మేడమ్. అంజన్న సాక్షి."

"తర్వాత?"

"పట్టింది. కొద్దిగ సన్నగైంది. అందరు మంచిగైనవన్నరు. మా చెల్లె బిడ్డ పెండ్లిల ఫొటోలు దిగింది. గంతే."

"అంతకుముందు ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరంటరు?"

లోపలి నుంచి అమూల్య గొంతు వచ్చింది.

"సదానందం మామ."

సదానందం జమున తమ్ముడు. దుబాయిలో ఉంటాడు. రెండేళ్ల కింద వీడియో కాల్ చేశాడు. అమూల్యను చూసి, ఏమే, మెస్సు బువ్వంత నువ్వొక్కదానివే తింటున్నవా, పిల్లలకు గింతన్న మిగిలిస్తున్నవా అన్నాడు.

"గది నవ్వులాటకు అన్నడు" అంది జమున.

"ఎవరు నవ్విన్రు?" అని అడిగింది నవనీత.

జమున మడత పెట్టిన కాగితం వైపు చూసింది.

"అందరం నవ్వినం."

"అయితే తప్పు మామదా, మాదా, హాస్టలుదా?" అన్నాడు రాజేశం. "ఒక్కటి చెప్పున్రి. చెప్తే సరిచేస్త."

"ఒక్కటి లేదన్నా. ఒక్కొక్కటి తీసి చూస్తే చిన్నదే. మామ మాట చిన్నది. శనివారం చిన్నది. గ్రూపు చిన్నది. మొక్కు పేరు చెప్తే ఎవరూ అడగరని ఆమెకు తెలిసింది. ఇప్పుడు సరిచేసే పని ఆసుపత్రిలనే. ఇయ్యాల పోదాం. నేను గూడ వస్త."

రాజేశం టీవీ కింద కాగితం వైపు చూశాడు.

"శనారం అయినంక చేరుద్దాం."

"అన్నా."

"రెండు రోజులు. సాయంత్రమే తీసుకపోత. మీరు చెప్పిన దగ్గరికే."

"ఈ బరువు చూసి కంపెనీ డాక్టర్ పాస్ చేస్తడా?"

"నీళ్లు తాపిస్త. మా బ్యాచ్‌ల మొగిలి గట్లనే పాసైండు."

"నీళ్లు చాలవు బాపు" అంది అమూల్య లోపలి నుంచి. "నేను తాగి చూసిన."

రాజేశం లేచి తలుపు దగ్గరికి పోయాడు. అమూల్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి మెడ దాకా ఉంది. ఏప్రిల్ నెల.

"ఎక్కడ చూసినవ్?"

"యూనివర్సిటీల. హెల్త్ క్యాంపు పెట్టిన్రు గద."

"గా నౌకరి నీకు ఇష్టమేనా అమూల్యా?" అని నవనీత అడిగింది.

"బాపుకు ఇష్టం."

"నీకు?"

"సరే మేడమ్."

మూడున్నరకు నవనీత వెళ్లిపోయింది. వెళ్లేముందు జమున ఫోన్‌లో తన నంబరు, డాక్టర్ నంబరు ఎక్కించింది. గుమ్మం దగ్గర ఒక మాట చెప్పింది.

"బతిమాలకున్రి. ఒట్టు పెట్టకున్రి. తిన్నది లెక్క పెట్టకున్రి. మళ్లీ కిందపడితే, ఛాతిల దడ వస్తే, ఎవరినీ అడగకుంట 108కి చెయ్యి అక్కా."

జమున తల ఊపింది.

* * *

శుక్రవారం ఉదయం పోచవ్వ స్నానం చేసి వచ్చింది. కొబ్బరికాయ తెప్పించింది.

"పట్టిన దేవుండ్లు పట్టుకనే ఉంటరు. ఇడిపియ్యకుంటె ఎట్ల తింటది?" అంది. "కొండగట్టుకు పోయి ఇడిపియ్యాలె. గంత టైము లేదు. అంజన్నకు ఈడికెల్లే చెప్త. ఇంటడు."

దేవుడి పటాల ముందు అమూల్యను కూర్చోబెట్టింది. పసుపు, కుంకుమ పెట్టింది. ఒక్కో దేవుడి పేరు చెప్పి, మా పిల్ల నీ ఒక్కపొద్దు తీర్చింది, తప్పొప్పులు మన్నించి ఇడిచిపెట్టు తండ్రీ అంది. ఆరుగురికి ఆరుసార్లు చెప్పింది. దుర్గమ్మకు, లక్ష్మికి తల్లీ అంది. అమూల్య ప్రతిసారీ దండం పెట్టింది.

"ఇంకేమన్న మొక్కుకున్నవా బిడ్డా? దాసకు."

"లేదు నాయినమ్మా."

పోచవ్వ కొబ్బరికాయ కొట్టింది. చిన్న ముక్క అమూల్య చేతిలో పెట్టింది. అమూల్య ముక్కను కళ్లకు అద్దుకుంది. లేచి నీళ్లు తాగడానికి పోయింది.

"తిన్నది" అని పోచవ్వ కొడుకుతో అంది. "నేను చూసిన."

"నీకు కండ్లు కనబడయి గద" అన్నాడు రాజేశం. నవ్వబోయాడు.

ఆ రోజూ జమున అంగన్‌వాడీకి పోలేదు. పదిన్నరకు బట్టలు నానబెట్టింది. అమూల్య చున్నీ కొసన ముడి ఉంది. విప్పింది. లోపల కొబ్బరి ముక్క ఉంది. అంచు దగ్గర పంటి గాటు కూడా లేదు.

జమున దాన్ని తెచ్చి అత్త ముందు పెట్టింది.

"ఆరుగురు దేవుండ్లను ఇడిపిచ్చినవ్ గద అత్తా. ఇంక పట్టుకున్నది ఎవరు?"

పోచవ్వ ముక్కను చేతిలోకి తీసుకుంది. వేలితో అటూ ఇటూ తిప్పింది. మధ్యాహ్నం దాకా గుమ్మంలో కూర్చుంది. ఆ ముక్క ఆమె చేతిలోనే ఉంది.

రాజేశం రెండుసార్లు కంపెనీ కాగితం తీసి చదివాడు. రెండుసార్లూ సీసా కిందనే పెట్టాడు. సాయంత్రం జమున ఆసుపత్రికి పోదాం పట్టు అంది. అతను, ఒక్క రాత్రి అన్నాడు. అమూల్య నలుగురికి వండింది. ముగ్గురికి వడ్డించింది.

* * *

శనివారం ఉదయం ఏడున్నరకు రాజేశం షుగర్ సూది వేసుకున్నాడు. సూది వేసుకున్నాక అరగంటలో తినాలి. అమూల్య అన్నం, పప్పు పళ్లెంలో పెట్టి అతని ముందు ఉంచింది.

"తిను బాపు."

"నువ్వు కూసో."

"నేను తర్వాత తింట."

"తర్వాత అనేది అయిపోయింది. నువ్వొక బుక్క, నేనొక బుక్క. నువ్వు పెట్టుకోకుంటె ఇయ్యాల నాది గూడ ఒక్కపొద్దే."

"సూది ఏసుకున్నవ్ గద."

"ఏసుకున్న."

అమూల్య గోడ గడియారం చూసింది. కూర్చుంది. జమున వంటింట్లోంచి వచ్చింది.

"ఏమయ్యా, మతి ఉన్నదా? మేడమ్ ఏం చెప్పింది? ఒట్టు పెట్టొద్దన్నది."

"ఒట్టు పెడ్తలేను. ఆగుతున్న."

"గది ఒట్టు కాదా?"

"జర ఊకో జమునా. బాపు పడిపోతుంటె బిడ్డ చూస్తదా? చూడది. తింటది."

ఏడు యాభై. అమూల్య పళ్లెంలోంచి అన్నం తీసి పప్పుతో కలిపింది. ముద్ద చేసింది. పెదవుల దాకా తెచ్చింది. కింద పెట్టింది. మళ్లీ చేసింది. మళ్లీ పెట్టింది.

"రాజేశం, నా మాట ఇను కొడుకా" అంది పోచవ్వ. "నువ్వు తిను. పిల్లది నిన్ను చూసి తింటది."

"ఏడాది సంది నన్ను చూస్తనే ఉన్నది గదనే."

ఎనిమిది ఐదు. రాజేశం మెడ మీద చెమట పట్టింది. జమున చక్కెర డబ్బా తెచ్చి చెంచా నోటి దగ్గర పెట్టింది. అతను ముఖం తిప్పుకున్నాడు. చక్కెర చాప మీద పడింది.

అమూల్య మూడోసారి ముద్ద చేసింది. అది ఆమె చేతిలో ఉంది.

"బాపు, నేను మొండికి చేస్తలేను."

"మరి?"

"నాకు చేతనైతలేదు."

"చెయ్యి లేస్తలేదా?"

"చెయ్యి లేస్తది. నోరు తెరుసుకుంటలేదు."

రాజేశం ఆమె నోటి వైపు చూశాడు.

"ఎందుకు?"

"తెల్వది బాపు. ముందుగాల నేను ఆపిన. గిప్పుడు నేను ఆపుతలేను. అదే ఆగుతుంది."

అతను పళ్లెం వైపు చెయ్యి చాపాడు. చెయ్యి వణికింది. అన్నం దాకా పోలేదు. పళ్లెం అంచుకు తగిలింది.

"ఇయ్యాల ఏం వారం?" అని అడిగాడు.

ముగ్గురూ అతని వైపు చూశారు.

"శనారం" అంది అమూల్య.

"ఫస్ట్ షిఫ్ట్‌కు పోవాలె. బూటు ఏది?"

అమూల్య చేతిలో ముద్ద పళ్లెంలో పడేసింది. తల్లి చేతిలోంచి చక్కెర డబ్బా తీసుకుంది. మోకాళ్ల మీద తండ్రి ముందుకు జరిగింది. గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువు బాపు."

రాజేశం తెరిచాడు. ఆమె చక్కెర పోసింది. కొంత లోపలికి పోయింది, కొంత గడ్డం మీద పడింది. రెండో చెంచా పోసింది. మూడో చెంచా నింపలేకపోయింది. చెంచా కింద పెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుంది. గోడకు ఆనుకుంది.

"దడ వస్తుంది అవ్వా" అంది.

ఎనిమిది ఇరవై నాలుగుకు జమున 108కి ఫోన్ చేసింది. శ్రీరాంపూర్, కంపెనీ క్వార్టర్లు అని చెప్పింది. క్వార్టర్ నంబరు చెప్పింది. అవతల మనిషి పేషెంట్ పేరు, వయసు అడిగాడు.

జమున రెండు పేర్లు చెప్పింది.